సగం తెలియని దావీదురాజు

దావీదురాజుకు తొమ్మిదేళ్లప్పుడు సండేస్కూల్లో కంఠస్థ వాక్యాల పోటీ పెట్టారు. ఐదు వాక్యాలు అప్పజెబితే పెన్సిలు, పది అప్పజెబితే స్టీలు గ్లాసు. పెన్సిలు చాలనుకున్న పిల్లలు ఐదు దగ్గర, గ్లాసు మీద మనసుపడ్డ పిల్లలు పది దగ్గర బుద్ధిగా ఆగిపోయారు. దావీదురాజు మాత్రం నూట పంతొమ్మిదో కీర్తన అందుకున్నాడు. నూట డెబ్బై ఆరు వచనాలు. బైబిల్లో అంతకంటే పొడుగు అధ్యాయం లేదు. అన్నం వేళ దాటింది. టీచరమ్మ ఆవలించి, "చాల్లే నాయనా, గ్లాసు తీసుకొని ఇంటికి పో" అని రెండుసార్లు బతిమాలింది. వాడు వినలేదు. ఆఖరి వచనం కూడా చెప్పి, ఆమెన్ అని, అక్కడికక్కడే వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత బతుకులో ఇంకొక్క వాక్యం నేర్చుకున్న పాపాన పోలేదు.

మనిషి తీరే అంత. మొదలుపెట్టడం వస్తుంది, ఆగడం రాదు. పెళ్లికి ముందు విశ్వాసమ్మకు వారంలో పదకొండు ఉత్తరాలు రాశాడు. పన్నెండోది తెచ్చిన పోస్టుమ్యాన్ ఆమె గుమ్మంలో కూలబడి, "ఒప్పుకో తల్లీ, నా కాళ్లు పోతాండాయి" అన్నాడట. ప్రేమకు లొంగిందో, పోస్టుమ్యాన్ మీద జాలిపడిందో ఇప్పటికీ విశ్వాసమ్మ తేల్చి చెప్పదు.

బేతంచెర్ల పక్కన నాపబండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో దావీదురాజు కట్టర్ మిషను మీద పనిచేస్తాడు. రంపం తిరుగుతుంటే నీళ్లూ రాతిపొడీ కలిసి ఒళ్లంతా సున్నం కొట్టినట్టు అవుతుంది. సాయంత్రానికి గొంతులో బండ అడ్డం పడ్డట్టు ఉంటుంది. శనివారం కూలి చేతికొస్తుంది, గేటు దాటితే ఎదురుగా మందు దుకాణం. దావీదురాజు, పక్క మిషను మీది అయ్యన్న, ఇద్దరూ ఒకే శనివారం, ఒకే దుకాణంలో, ఒకే రకం సరుకుతో మొదలుపెట్టారు. అయ్యన్న పదిహేనేళ్లుగా శనివారం ఒక క్వార్టర్ తీసుకుంటాడు, సగం తాగేసరికి నిద్రపోతాడు, మిగతా సగం వాళ్లావిడ కాలువలో పారబోస్తుంది. దావీదురాజు మూడో నెలకల్లా శనివారాన్ని శుక్రవారంతో, శుక్రవారాన్ని గురువారంతో కలిపేసి, వారం మొత్తాన్ని ఒకే రోజు చేసుకున్నాడు.

ఒకసారి పట్నం నుంచి ఆఫీసర్లు బ్యానరు పట్టుకొని వచ్చి, ఫ్యాక్టరీ షెడ్డులో కూలీలను కూర్చోబెట్టి, తాగుడు బలహీన మనస్కుల జబ్బని గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. దావీదురాజుది బలహీన మనసా! ఒక మాట పట్టాడంటే నూట డెబ్బై ఆరు వచనాలు లాగే మనసది. ఫ్యాక్టరీ ఓనరు కొడుక్కీ సరిగ్గా అదే తిక్క ఉంది. ఓర్వకల్లు విమానాశ్రయం రోడ్డు మీద పందెం బైకులు నడిపి మూడింటిని నుజ్జు చేశాడు, తర్వాత జిమ్ము పెట్టి ముంచాడు, ఆ తర్వాత హోటలు పెట్టి ముంచాడు. అతన్ని బలహీన మనస్కుడని ఎవరూ అనలేదు. సాహసవంతుడైన యువ వ్యాపారి అని ఫ్లెక్సీ కట్టారు. అతను పడితే కింద పరుపు ఉంటుంది, దావీదురాజు పడితే కింద నాపబండ ఉంటుంది, తేడా అంతే. ఆగలేకపోవడం దావీదురాజు స్వభావమే, కాదనలేం. దుకాణాన్ని తెచ్చి గేటు ఎదురుగా పెట్టింది మాత్రం అతని స్వభావం కాదు. ఉపన్యాసం ఇచ్చిన దొరలు ఆ దుకాణం ముందే కారెక్కి వెళ్లిపోయారు.

అది అలా సాగి సాగి ఒక గుడ్ ఫ్రైడే నాడు తెగింది.

గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం. సిలువ మీద ప్రభువు పలికిన ఒక్కో మాట చదవడం, ప్రసంగం, పాట. ఐదో మాట తర్వాత పాట దావీదురాజు కూతురు నిస్సీది. నర్సింగు చదివే పిల్ల, వారం రోజులు గొంతు సాధన చేసింది. తండ్రి పొద్దున్నే తాగి వచ్చి వెనక బెంచీలో నిద్రపోయాడు. నిద్రపోవడమే నయమని అందరూ ఊరుకున్నారు. పాస్టరు ఏసేపు అయ్యగారు కళ్లు మూసుకొని, వణికే గొంతుతో ఐదో మాట చదివాడు.

"నేను దప్పిగొనుచున్నాను."

వెనక బెంచీలోంచి దావీదురాజు తల ఎత్తాడు. "నాకూ అట్లే ఉండాదయ్యా!"

చర్చి మొత్తం అర క్షణం నవ్వింది. తర్వాత ఆ నవ్వినందుకు భయపడి నిశ్శబ్దమైపోయింది. నిస్సీ పాటల పుస్తకం మూసి, పక్క తలుపు గుండా బయటికి నడిచి వెళ్లిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా అయ్యగారు ఆరో మాట ఎత్తలేకపోయాడు.

ఆ చెప్పుల చప్పుడు దావీదురాజు మత్తును నిలువునా చీల్చింది. మరునాడు పొద్దున అతనే అయ్యన్న ఇంటికి పోయి, "నన్ను యాడికన్నా తీసకపో" అన్నాడు. అయ్యన్న బైకెక్కించుకొని కర్నూలులో మందు మాన్పించే కేంద్రానికి తీసుకెళ్లాడు. పదకొండు రోజులు. మొదటి నాలుగు రోజులు చేతులు, కాళ్లు, మంచం అన్నీ కలిసి వణికాయి. గోడ మీద చీమలు వరసకట్టి కీర్తనలు పాడుతున్నాయని, అందులో ఒకటి శ్రుతి తప్పిందని గొడవ చేశాడు. సెలైన్లు, మాత్రలు, పక్కన విశ్వాసమ్మ, ఆమె చేతిలో తడిగుడ్డ. పంపించే రోజు స్టాఫు నర్సు షమా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది.

"అన్నా, నీ లివరు వాచింది. ఇంకోసారి మొదలుపెడితే నువ్వు మళ్లీ మా కాడికి రావాల్సిన పని ఉండదు. నేరుగా మీ చర్చి వెనకాల సమాధులకే. అర్థమయితాండాదా?"

"అయింది మేడం. ఇంగ ముట్టను."

"ముట్టకపోవచ్చు. కానీ నీలాంటోళ్లు ఒకటి వదిల్తే ఇంకోటి పట్టుకుంటారు. పట్టుకునేటప్పుడు తెలియదు. మీ ఇంట్లోవాళ్లకు తెలుస్తాది, వాళ్ల మాట విను."

దావీదురాజు వినయంగా తలూపాడు. ఈస్టరు దాటిన ఏడు వారాలకు, పెంతెకొస్తు ఆదివారం నాటికి, ఇంకోటి పట్టుకున్నాడు.

ఆ రోజు అయ్యగారు మామూలుగానే, "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అని అడిగాడు. దేవుడు తమకు చేసిన మేలు లేచి నిలబడి చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. జ్వరం తగ్గిందనో, బోరులో నీళ్లు పడ్డాయనో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు చెబుతారు, మిగతావాళ్లు ఇంట్లో పొయ్యి మీద పెట్టి వచ్చిన కూర గురించి ఆలోచిస్తారు. దావీదురాజు లేచాడు. తాగి కాలువలో పడ్డ సంగతి చెప్పాడు. గుడ్ ఫ్రైడే సంగతి చెప్పి ఏడ్చాడు. ఆడవాళ్లూ ఏడ్చారు. భీమమ్మ అనే ముసలామె వచ్చి అతని తల పట్టుకొని ముద్దు పెట్టుకుంది. అప్పుడతనికి ఛాతీ మధ్యలో ఒక వెచ్చదనం పుట్టి, మెల్లగా భుజాలకూ వేళ్లకూ పాకింది. తెలిసిన వెచ్చదనమే. మొదటి క్వార్టర్ దిగినప్పుడు పుట్టేది కూడా సరిగ్గా అక్కడే.

తర్వాత ఆదివారం పక్క ఊళ్లో చెప్పాడు. ఆపై వారం ఉపవాస ప్రార్థన కూటంలో, ఆపై వారం మూడు చోట్ల. వేళకు మాత్రలు వేసుకోమంటే, "విశ్వాసం ఉన్నోనికి మాత్రలెందుకే" అని డబ్బా అటక మీద పెట్టేశాడు. సాక్ష్యంలో కూడా షమా మేడం లేదు, పదకొండు రోజులు లేవు, అయ్యన్న బైకు లేదు. ఒక్క దెబ్బకు, ఒక్క ప్రార్థనకు, ఒక్క క్షణంలో మానేశాడు. మెల్లగా మానడమంటే సగం పని. సగం పనులు చెప్పుకోవడానికి మైకులెందుకు?

సాక్ష్యంలో చెప్పే కాలువ కూడా చిన్నదనిపించింది. రెండో నెలలో అది క్వారీ గుంత అయింది. మూడో నెలలో గుంతలోకి పాము వచ్చింది. రాజంపేటలో మూడు రోజుల సభలకు పిలుపు వచ్చినప్పుడు ఆ పాము పడగ విప్పింది. కడప దాటాక బస్సులో ఒంటిమిట్ట రాముడి దర్శనానికి పోయే భక్తులు నిండిపోయారు. దావీదురాజు ఆగగలడా? బస్సులోనే మొదలుపెట్టాడు. ఒక ముసలామె నోరు తెరుచుకొని అంతా విని, "మా మొగుడూ తాగుతాడప్పా. ఆ పాము యాడ దొరుకుతాది?" అని అడిగింది.

రాజంపేటలో పామూ చాల్లేదు. ఆఖరి రోజు జనం మరీ ఎక్కువగా ఉండడంతో, నోటికొచ్చిన ఊపులో, భార్యను రోజూ బెల్టుతో కొట్టానని చెప్పేశాడు. పందిరి కింద జనం బావురుమన్నారు. ఆ సాక్ష్యాన్ని ఎవరో ఫోనులో తీసి ఊరూరా పంపించారు. అతను ఇల్లు చేరేలోపే వీడియో విశ్వాసమ్మ దగ్గరికి చేరింది. ఆడవాళ్లు వరసగా వచ్చి వీపు తడుముతున్నారు. భీమమ్మ పసుపు కలిపిన నూనె తెచ్చి, "రయికె విప్పు బిడ్డా, వాతలకు రాస్తా" అని కూర్చుంది.

దావీదురాజు గుమ్మంలో అడుగు పెట్టగానే విశ్వాసమ్మ చీపురు పక్కన పెట్టి లేచింది.

"ఏమయ్యా, నన్ను బెల్టుతో కొట్టినావంట. ఎప్పుడు కొట్టినావు? నేను ఇంట్లో లేనప్పుడా?"

"సాక్ష్యంలో బలం రావల్ల కదమే."

"నీకు బెల్టే లేదు కదయ్యా! లుంగీ మొలతాడుకు చెక్కుకునేటోడివి. నన్ను కొట్టే మొగోడు ఈ ఊర్లో ఉంటే, వాని చెయ్యి ఇంగా వాని భుజానికే ఉండేదా? నీ పేరు కోసం నన్ను దెబ్బలు తిన్నదాన్ని చేసి ఊరంతా తిప్పుతాండావు. తాగినప్పుడన్నా నువ్వు ఇంత అబద్ధం చెప్పలే."

"దేవుని మహిమ కోసరం..."

"దేవునికి నీ బెల్టు అవసరం లే. గమ్మునుండు."

అతను గమ్మునుండలేదు. తర్వాత కూటంలో విశ్వాసమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, బెల్టు దగ్గరికి రాగానే లేచి నిలబడమన్నాడు. ఆమె లేచింది. జనం అయ్యో అన్నారు. ఆమె మాత్రం తన కాలి బొటనవేలినే చూస్తూ నిలబడింది. ఆ చూపు అతనికి మైకు వెనక నుంచి కనబడింది, కనబడనట్టు పాము దగ్గరికి వెళ్లిపోయాడు.

కార్తెలు మారాయి. నవంబరులో ఓర్వకల్లు దగ్గర సభలకు యేసుప్రసాద్ అనే కుర్ర సాక్షి దిగాడు. ఫోనులో క్రికెట్ పందాలాడి, పెళ్లి మండపంలోంచే పారిపోయినవాడు. తెల్ల చొక్కా, చెవికి తగిలించుకునే మైకు, వెనక తెర మీద బొమ్మలు. జనం వెర్రెత్తిపోయారు. దావీదురాజును భోజనాలకు ముందు మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. పాము పడగ విప్పేసరికి పక్క పందిరిలో బిర్యానీ గుండిగ మూత తీశారు. జనం తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. పాము ఒంటరిదైపోయింది.

తర్వాత పిలుపులు ఆగిపోయాయి. ఆదివారం పొద్దున ఫోను చేతిలో పట్టుకొని కూర్చునేవాడు. అన్నం సహించదు, ఊరకే చికాకు, వేళ్లలో సన్నగా వణుకు. పుట్టాల్సిన చోట వెచ్చదనం పుట్టడం లేదు. రెండు వారాలు అలా గడిచాక, టీ తాగే వేళలో మిషను ఆపి అయ్యన్న పక్కన కూర్చున్నాడు.

"అయ్యన్నా, నా సాక్ష్యం పాతబడిందప్పా."

"పడితే పడనీ."

"కొత్తది కావల్ల."

"కొత్తది యాడ తెస్తావు? మానేసి ఏడు నెలలాయె. ఇంగ నీకు ఏం జరిగిందని చెప్తావు?"

"అదే నేనూ అంటాండా. ఏమీ జరగలే. జరగాలంటే ఇంగోసారి పడల్ల." దావీదురాజు కళ్లలో చాలా రోజులకు వెలుగొచ్చింది. "ఒక్క వారం. వచ్చే ఆదివారం పడతా, క్రిస్మస్‌కు ముందర లేస్తా. రెండుసార్లు పడి రెండుసార్లు లేసినోడు ఈ నాలుగు జిల్లాల్లో ఎవడుండాడు చెప్పు? ఆ పిలగాడు ఒక్కసారే కదా లేసింది!"

అయ్యన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "వారం తాగి ఆపుతావా? నువ్వు? అరటిపండ్లు తిందామని కూర్చుంటే గెల ఖాళీ చేసి కాడ మీద పడేటోడివి. నీకు వారమంటే ఎన్ని దినాలో తెలుసాప్పా?"

"ఈ తూరి తెలుసు."

"ఇను. నాకు సగం క్వార్టర్‌కే కన్ను మూతపడతాది. అది నా గొప్ప కాదు, నా ఒళ్లు అట్లా పుట్టింది. నీ ఒళ్లు అట్లా పుట్టలే. అది నీ తప్పూ కాదు. కానీ తెలిసి తెలిసి పోయి పడేది మాత్రం నీ తప్పే. ఆ నర్సమ్మ ఏం చెప్పింది? సచ్చిపోతావు."

"చావు దాకా పోయి వస్తే సాక్ష్యానికి ఇంగా బలం."

అయ్యన్న మిగిలిన టీ పారబోసి లేచాడు. సాయంత్రం పనయ్యాక తన ఇంటికి పోకుండా విశ్వాసమ్మ దగ్గరికి పోయి చెప్పాల్సింది చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం దావీదురాజు క్వార్టర్ కొన్నాడు. తాగలేదు, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ చూడకుండా పడితే ఆ పడటం దేనికి పనికొస్తుంది? ఆరాధన అయ్యాక చర్చి ముందర, జనం చేతులు కలుపుకొని వందనాలు చెప్పుకునే చోట, అందరి కళ్లెదుటా మూత తిప్పాలి. అంతకుముందు లేచి, సైతాను తనను మళ్లీ పిలుస్తున్నాడని రెండు మాటలు చెప్పాలి. రాత్రంతా, విశ్వాసమ్మ నిద్రపోయిందనుకొని, ఆ రెండు మాటలూ మూత తిప్పే చోటూ పైకే వల్లెవేసుకున్నాడు.

ఆదివారం. పాటలయ్యాయి. "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అన్నాడు ఏసేపు అయ్యగారు. దావీదురాజు సగం లేచాడు. అప్పటికే ఆడవాళ్ల వైపు విశ్వాసమ్మ నిలబడి ఉంది. ఇరవై ఏళ్లలో ఆమె చర్చిలో నోరు విప్పి ఎరగదు. అయ్యగారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"నేను చెప్తా అయ్యగారూ. ఏడుపొచ్చేది ఏమీ లేదు, కొంగులు దాచిపెట్టుకోండి." ఒకరిద్దరు నవ్వారు. "మా ఆయన నన్ను ఎప్పుడూ కొట్లే. పాము లేదు. మోకాలు లోతు కాలువలో పడితే నేనూ అయ్యన్నా లేపినాము, మురుగు కంపు మూడు దినాలు పోలే. ఒక్క ప్రార్థనకు మానలే. పదకొండు దినాలు మంచం మీద వణికినాడు. సాయిబుల పిల్ల, నర్సు, మాత్రలిచ్చింది. నేను గుడ్డలుతికినా. అన్ని దినాలూ ప్రార్థన చేసినా, అదీ నిజమే."

భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు దేవుడు చేసిన మేలు చెప్తా. మొన్న సోమవారం మా ఇంట్లో ఏమీ జరగలే. అన్నం తింటిమి, పండుకుంటిమి. మంగళవారమూ ఏమీ జరగలే. ఏడు నెలలుగా మా ఇంట్లో ఏమీ జరగలే. దానికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నా నాకు చాలవు." ఆమె దావీదురాజు వైపు తిరిగింది. "ఈయనకు మాత్రం అది చప్పగా ఉండాదంట. జేబులో సీసా పెట్టుకొని వచ్చినాడు, మళ్లీ పడి మళ్లీ లేసేదానికి. తీయయ్యా. బయట ఎందుకు, ఈడనే తాగు. అందరూ ఉండారు. కానీ ఈ తూరి లేపేదానికి నేను రాను. నీ సాక్ష్యానికి నేను లేసి నిలబడేది కూడా ఇదే ఆఖరు."

కూర్చుంది.

దావీదురాజు జేబులోంచి సీసా తీశాడు. ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు. చర్చిలోని కళ్లన్నీ అతని చేతి మీదే ఉన్నాయి. ఇంత జనం, ఇంత నిశ్శబ్దం! రాజంపేటలో కూడా దొరకలేదు. ఆ క్షణంలో అతనికి తాగాలనిపించలేదు. బలిపీఠం మెట్టు మీద సీసాను పగలగొట్టాలనిపించింది. గాజుపెంకులు ఎగురుతాయి, హల్లెలూయా అని చర్చి లేచి నిలబడుతుంది, భీమమ్మ పరిగెత్తుకొస్తుంది. ఎవడో ఫోనులో తీస్తాడు. చెయ్యి పైకి లేచింది. లేచిన చేతిలో ఆ వెచ్చదనం మొదలైంది, మోచేతి దాకా పాకింది.

పాట గుంపులో నిస్సీ ఉంది. ఆమె అతన్ని చూడడం లేదు. పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకొని, పక్క తలుపు వైపు చూస్తోంది.

అతను చెయ్యి దించాడు. మెట్టు వైపు కాకుండా వెనక తలుపు వైపు నడిచాడు. చర్చి వెనక, సమాధుల పక్క, కంపచెట్ల మధ్య మూత తిప్పి, సీసాను బోర్లించాడు. వాసన ముఖాన కొట్టింది. నాలుక ఎండిపోయింది, ఒక్క చుక్క అని లోపల ఎవరో అరిచారు. ఆఖరి చుక్క నేలలో ఇంకేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చూసినది గోడ మీది మేక ఒక్కటే. అదీ మధ్యలోనే విసుగొచ్చి దిగిపోయింది.

తిరిగొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. లోపల ప్రసంగం నడుస్తోంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. విశ్వాసమ్మ కూడా తిరగలేదు. పారబోశానని లేచి అరవాలని నాలుక దాకా వచ్చింది. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. అంతసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం అతని జన్మలో అదే మొదలు. ఆరాధన అయ్యాక కూడా ఏం చేశావని ఎవరూ అడగలేదు. ఇంటికి పోతూ దారిలో ఆగి, తనంతట తనే విశ్వాసమ్మతో, "మాత్రల డబ్బా యాడ పెట్టినావే?" అన్నాడు.

"అటక మీద నువ్వే పెట్టినావు. నువ్వే దించుకో."

క్రిస్మస్ వారంలో రాజంపేట నుంచి ఫోను వచ్చింది. పెద్ద సభలట, యేసుప్రసాద్‌కు జ్వరమట. దావీదురాజు ఫోను చెవికి పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. "రాలేనయ్యా," అన్నాడు చివరికి. "ఏమీ లేదు. బాగానే ఉండా. బండలు కోస్తాండా." ఫోను పెట్టేసి గడపలో కూలబడ్డాడు, పన్నెండో ఉత్తరం మోసుకొచ్చిన పోస్టుమ్యాన్ లాగా.

స్వభావం ఎక్కడికీ పోలేదు. సంక్రాంతి దాటాక ఎవరో రెండు కాకర విత్తనాలిస్తే పెరట్లో నాటాడు. రెండు మొలిచాయి. దావీదురాజుకు రెండంటే ఏం తెలుసు? ఇప్పుడు ఇంటి చుట్టూ కాకర పందిళ్లే. కప్పు మీదికి పాకింది, మరుగుదొడ్డి మీదికి పాకింది, పక్కింటి టీవీ తీగ మీదికి కూడా పాకింది. పొద్దున లేచి పిందెలను పేరుపేరునా పలకరిస్తాడు. సంచీ పట్టుకొని వీధిలోకి వస్తున్నాడంటే జనం తలుపులేసుకుంటున్నారు. ఏసేపు అయ్యగారు తనకు కాకర పడదని డాక్టరు చీటీ చూపిస్తున్నాడు. అయ్యన్న పనికి వేరే దారిన వస్తున్నాడు.

మొన్న హాస్టలు నుంచి వచ్చిన నిస్సీ అన్నం ముందు కూర్చొని కంచంలోకి చూసింది.

"అమ్మా, ఈ దినమూ కాకరకాయేనా? మూడు పూట్లా ఇదేనా?"

"నోరు మూసుకొని తిను," అంది విశ్వాసమ్మ, ఇంకో గరిటె వేస్తూ.